తెరిపి ఇచ్చిన మరునాడు

ముసురు పట్టి నాలుగు రోజులు విడువకుండా కురిసిన వాన ఐదవనాటి తెల్లవారుజామున వెలిసిందంటే నిడదవోలు ఊరికి ఒక్కసారిగా ప్రాణం లేచి వస్తుంది. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంటుంది. ముక్కవాసన పట్టిన బట్టలు దండేలమీదికి ఎక్కుతాయి. బడిపిల్లలు చెప్పులు చేతబట్టుకొని బురదలో నడుస్తారు. స్టేషనులో భీమవరం బండికోసం నిలిచినవారు, కాలువగట్టున టీకొట్టు దగ్గర చేరినవారు ఒకరితో ఒకరు అనుకొనే మాట ఒకటే, గండం గడిచిందని.

సరిగా ఆ వేళకే ఎర్రకాలువ పొంగటం మొదలవుతుంది.

ఇందులో వింత లేదు. ఎర్రకాలువ పుట్టినది ఈ పల్లపునేలలో కాదు, ఎగువ మన్యపు కొండలలో. అక్కడ పడిన వాన వాగులై దిగి, జంగారెడ్డిగూడెం దగ్గర కొంగువారిగూడెం జలాశయంలో చేరుతుంది. జలాశయం నిండి తలుపులు ఎత్తిన తరువాత ఆ నీరు మెట్ట దాటి నిడదవోలు, తాడేపల్లిగూడెం ప్రాంతాల చేలమీదికి రావటానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో ఇక్కడ వాన వెలుస్తుంది, ఎండ కాస్తుంది. 2024 జులైలో ఇలాగే ఎర్రకాలువ ఎగదన్ని వరిచేలను చెరువులు చేసింది. గోదావరి సంగతీ ఇంతే, కాకపోతే మరింత పెద్దయెత్తున. ప్రాణహిత, ఇంద్రావతి నదులు తెచ్చిన నీరు భద్రాచలం దాటి ధవళేశ్వరం చేరుసరికి మరొక పగలో రాత్రో గడుస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించిన వరద అయినా, అందులో అధికభాగం డెల్టావారి నెత్తిన కురిసిన వాన కాదు. ఎక్కడో ఎవరి నెత్తినో కురిసి, తీరికగా నడిచివచ్చిన వాన.

వాన వేరు, వరద వేరు అన్న ఈ సంగతి గోదావరి సీమలో చదువురాని రైతుకు కూడా తెలుసు. తెలిసి కూడా మనిషి ఎందుకు మోసపోతాడన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నను మనకంటె నిశితంగా, మనకంటె ఎక్కువ మూల్యం చెల్లించి పరిశీలించినవారు ఒకరున్నారు. వారు నదులు ఎరిగినవారు కారు, మంచుకొండలలో తిరిగేవారు. వారికీ గండం తుపాను నాడు కాదు, తుపాను వెలిసిన మరునాడే.

ముందు మాట సంగతి కొంత చూడాలి. తెలుగులో మంచు అనే పదం ఒక్కటే పెట్టుకొని మనం ఎన్నో పనులు చేయించుకొంటాము. ధనుర్మాసంలో గడ్డిపరకమీద నిలిచే బిందువూ మంచే, తెల్లవారు బండిని రెండు గంటలు ఆలస్యం చేసే పొగవంటి తెరా మంచే, సోడాకొట్టులోని గడ్డా మంచే, హిమాలయ శిఖరం మీదిదీ మంచే. మంచు చూడని జాతికి ఒక్క పదం చాలునన్నది నిజమే. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పత్రికలు హిమపాతం అన్నప్పుడు ఆకాశం నుంచి దూదిపింజల్లా రాలే మంచా, లేక కొండ భుజంమీద నుంచి ఊళ్ళకు ఊళ్ళను కప్పుతూ విరుచుకుపడే మంచా అన్నది చదువరికి తెలియదు. మొదటిది పిల్లల ఆట. రెండవది మృత్యువు. ఈ రెండవదానికి మంచుచరియ అనే మాట చక్కగా అమరుతుంది. చరియ అంటే కొండ పక్క, కొండ వాలు. విరిగిపడేది కూడా పొడిపొడిగా రాలే మంచు కాదు, పలకలా అతుక్కొని ఉన్న వాలు మొత్తం. మాట ఉన్నచోట ఆలోచన నిలుస్తుంది కనుక ఇక్కడ ఆ మాటనే వాడటం మంచిది.

మంచు కొండమీద ఒక్క ముద్దగా ఉండదు. కురిసిన ప్రతిసారీ ఒక పొర ఏర్పడుతుంది. మధ్య మధ్య చలి, ఎండ, గాలి తమ పని చేస్తాయి. ఆకాశం నిర్మలంగా ఉండి చలి ఎక్కువైన రాత్రులలో మంచు పైభాగం మెరిసే రేకులుగా మారుతుంది. లోపలి పొరలు ఒక్కొక్కప్పుడు పంచదార పలుకుల్లా విడివిడి గింజలుగా తయారవుతాయి. ఆ గింజలమీద తరువాతి తుపాను రెండడుగుల కొత్త మంచు తెచ్చి పరుస్తుంది. గాలి దానిని నొక్కి పలక చేస్తుంది. అప్పుడు క్రింద పంచదార, పైన బండ. బడిలో ఉపాధ్యాయులు దీనిని సులువుగా చూపవచ్చు. ఒక పళ్ళెంలో ఆవాలు పలుచగా పరచి, వాటిమీద ఒక చెక్కపలక పెట్టి, పళ్ళేన్ని ఒకవైపు మెల్లగా ఎత్తుతూ పోవాలి. కొంత వాలు దాకా పలక కదలదు. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఆ తరువాత ఒక్క చిటికెనవేలు ఆనించితే చాలు.

కొండమీద ఆ చిటికెనవేలు మనిషే. మంచుచరియల ప్రమాదాలలో చిక్కుకొన్నవారిలో పదింట తొమ్మిదిమంది విషయంలో చరియను కదిలించినది వారు గాని, వారితో వచ్చినవారు గాని అని లెక్కలు చెబుతున్నవి. అనగా మంచుచరియ మనిషిని వెతుక్కొంటూ రావటం అరుదు, మనిషే దానిని తట్టి లేపుతాడు. వాలు మరీ తక్కువైతే మంచు జారదు. మరీ నిటారైతే నిలవనే నిలవదు, ఎప్పటికప్పుడు రాలిపోతుంది. 30 డిగ్రీలకూ 45 డిగ్రీలకూ నడుమ వాలు ప్రమాదకరం. మేడమెట్ల వాలు ఇంచుమించు ఇందులోనే పడుతుంది. దురదృష్టమేమంటే, స్కీ పలకలు కాళ్ళకు కట్టుకొని జారేవారికి ఆనందమిచ్చే వాలు కూడా సరిగా ఇదే.

యాత్రాస్థలాలలో స్కీ మైదానాలుంటాయి. వాటికి హద్దులుంటాయి, కావలివారుంటారు. తెల్లవారక మునుపే ప్రేలుడు మందులు పెట్టి ప్రమాదకరమైన మంచును ముందుగానే దించివేస్తారు. ఆ హద్దులు దాటి, ఎవరూ తొక్కని మంచుకోసం కొండలలోకి పోయేవారు వేరు. వారికి తుపాను ఒక పండుగ కబురు. మోకాలి లోతు కొత్త మంచు పడి, మరునాడు ఆకాశం నీలంగా తేరిందంటే వారి ఆనందానికి మేర ఉండదు. ఆ దినంకోసమే ఏడాదంతా డబ్బు కూడబెట్టుకొంటారు, సెలవు దాచుకొంటారు. అక్కడ పొరమీద పొర పడిన కొత్త బరువు ఇంకా సర్దుకోలేదు. గాలి ఒకవైపు మంచును ఊడ్చి తెచ్చి మరొకవైపు వాలుమీద పోసి ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ పైపొర మెత్తబడుతుంది. తుపాను తరువాతి మొదటి ఒకటి రెండు దినాలు మంచుచరియలకు పెట్టినది పేరు. మనిషికి మనస్సు ఉరకలు వేసేదీ ఆ ఒకటి రెండు దినాలలోనే. ఎర్రకాలువ గట్టునా ఇదే కథ గదా! నాలుగు రోజులు ఇంట కూర్చొన్న మనిషి ఐదవనాడు బయలుదేరుతాడు. నీరూ ఐదవనాడే బయలుదేరుతుంది.

ఇదంతా ఎవరో పరదేశుల ముచ్చట అనుకోరాదు. కాశ్మీరులోని గుల్మార్గు పైన అఫర్వత్ వాలులలో 2023 ఫిబ్రవరి 1న మంచుచరియ విరిగి ఇద్దరు పోలండు దేశీయులు మరణించారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరి 22న, కొన్ని దినాలపాటు మంచు కురిసిన పిమ్మట, అదే ప్రాంతంలో ఒక రష్యా దేశీయుడు పోయాడు. సరదాకోసం కాక విధికోసం మంచులో నిలిచినవారి సంగతి మరింత బరువైనది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో 19,600 అడుగుల యెత్తున ఉన్న సోనం శిబిరంమీద మంచు విరుచుకుపడి మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమంది సైనికులు కప్పబడిపోయారు. అందులో ఒకరు కర్నూలు జిల్లా రైతుబిడ్డలు పుట్టిపెరిగే పల్లె నుంచి పోయిన సిపాయి. ఆరు దినాల తరువాత ఒకరిని ప్రాణంతో వెలికితీసినప్పుడు దేశమంతా నివ్వెరపోయింది. ఆయన కూడా ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆరు దినాలు బ్రతకటం ఎంత అపూర్వమో తెలియాలంటే సామాన్య లెక్క చూడాలి. మంచుక్రింద పూడిపోయినవారిని పది నిమిషాలలో తీయగలిగితే పదిమందిలో తొమ్మిదిమంది బ్రతుకుతారు. అరగంట అయితే మూడువంతుల్లో రెండువంతుల మంది దక్కరు. దొర్లివచ్చి ఆగిన మంచు క్షణాలలో సిమెంటులా బిగుసుకొంటుంది. అందులో చిక్కినవాడు తన చేతిని తాను కదపలేడు. పై ఊరినుంచి సహాయం వచ్చేదాకా కాలం నిలవదు. బ్రతికించవలసినది ప్రక్కనున్న స్నేహితుడే. అందుకే ఆ కొండలకు పోయే ప్రతివాడూ సంకేతాలు పంపే చిన్న రేడియో పరికరం, గుచ్చి వెదికే పొడవాటి కడ్డీ, పార, ఈ మూడూ లేకుండా గడప దాటరాదన్నది వారి నియమం.

పరికరాలకన్న ముందుది అంకె. మంచుకొండలున్న దేశాలలో ప్రతి ఉదయం ప్రమాదస్థాయిని ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకెతో ప్రకటిస్తారు. ఐరోపా దేశాలన్నీ 1993లో ఒకే కొలమానాన్ని అంగీకరించాయి. మన దేశంలో ఈ పనికై 1969లో మనాలిలో ఒక రక్షణ పరిశోధనశాల వెలసింది. 2020లో అది మరొక సంస్థలో కలిసి, చండీగఢ్ కేంద్రంగా పనిచేస్తున్నది. ఒకటి అంటే స్వల్పం, ఐదు అంటే మహా విపత్తు. ఇక అయిదింటిలో ఎక్కువమంది ఏ అంకెనాడు చనిపోతారు?

తరగతిలో ఈ ప్రశ్న వేస్తే పిల్లలందరూ ఐదు అంటారు. పెద్దవారు కొంచెం ఆలోచించి నాలుగు అంటారు. స్విట్జర్లండువారి లెక్కల ప్రకారం మరణాలలో సగానికి మించి మూడవ అంకెనాడు జరిగినవి. ఐదవనాడు ఎవరూ ఇల్లు కదలరు. దారులు మూస్తారు, ఊళ్ళు ఖాళీ చేయిస్తారు. నాలుగవనాడు పిరికివారితోపాటు బుద్ధిమంతులూ ఆగుతారు. మూడు అనగానే మనిషికి అది నడిమి అంకెలా కనుపిస్తుంది. పరీక్షలో నూటికి యాభై వచ్చినట్లు, అటు భయమూ కాదు, ఇటు నిర్భయమూ కాదు అన్నట్లు తోస్తుంది. నిజానికి ఆ కొలమానం మెట్లమెట్లుగా సమానంగా పెరిగేది కాదు. ఒక్కొక్క మెట్టుకూ ప్రమాదం రెట్టింపవుతూ, అంతకు మించుతూ పోతుంది. మూడవ మెట్టుకు వారు ఇచ్చిన అర్థం ఏమంటే, మంచు తనంతట తాను విరగవచ్చు, మనిషి కాలుపెడితే విరిగే అవకాశం మెండు. ఈ రెండవ వాక్యాన్ని ఎవరూ చదవరు, అంకెను మాత్రమే చదువుతారు.

నడిమి అంకె మోసం చేయటం ఎలాటిదో గోదావరి సీమ ఒక ఆదివారం చూచింది. 2019 సెప్టెంబరు 15వ తేదీన గండిపోచమ్మ గుడి రేవునుంచి రాయల్ వశిష్ఠ అనే బోటు పాపికొండల యాత్రకు బయలుదేరింది. సిబ్బందితో కలిపి 77 మంది అందులో ఉన్నట్లు తరువాత లెక్క తేలింది. హైదరాబాదు, వరంగల్లు, విశాఖపట్నం వంటి దూరప్రాంతాలనుంచి కుటుంబాలతో వచ్చినవారు చాలామంది. కచ్చులూరు దగ్గర కొండలు రెండువైపులనుంచి నదిని ఇరుకు చేస్తాయి. పల్లంలో మైలు వెడల్పున పరచుకొని బద్ధకంగా నడిచే గోదావరి అక్కడ సన్నని సందులో లోతుగా, సుడులు తిరుగుతూ పోతుంది. మధ్యాహ్నం వేళ ఆ ఇరుకులో బోటు ఒరిగి మునిగిపోయింది. 26 మంది బ్రతికారు. 51 మంది పోయారు. బ్రతికినవారిని ఒడ్డుకు చేర్చినది ప్రభుత్వం కాదు, కేక విని తమ పడవలు వేసుకొని ఉరికిన కచ్చులూరు చుట్టుపట్ల గ్రామస్థులు. బోటును నదీగర్భంనుంచి లాగటానికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందానికి అక్టోబరు 22 దాకా పట్టింది.

ఆనాడు గోదావరిలో పారుతున్నది 5 లక్షల క్యూసెక్కుల పైచిలుకు. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగురవేసేది 10 లక్షలకు, నీటిమట్టం 11.75 అడుగులకు చేరినప్పుడు. రెండవది 13 లక్షలకు, 13.75 అడుగులకు. మూడవది 17 లక్షలకు, 17.75 అడుగులకు. అంటే ఆ ఆదివారం నది మొదటి హెచ్చరికకు కూడా సగం దూరంలోనే ఉన్నది. అంతకు కొద్దిదినాల మునుపు ఉధృతంగా పారి, అప్పటికి తగ్గుముఖం పట్టింది. తగ్గుతున్న నదిని చూచి భయపడేవారు అరుదు. పెరుగుతున్న నది పది లక్షలకు చేరనున్నదంటే ఆ రేవులో తాడు విప్పేవారే ఉండరు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ధవళేశ్వరం అంకెలు అబద్ధం చెప్పలేదు. అవి డెల్టా గట్లకోసం, లంక గ్రామాలకోసం ఏర్పడిన అంకెలు. గట్టుకు 5 లక్షలు లెక్కకాదు. ఇరుకు కొండసందులో సుడులమధ్య పోయే రెండంతస్తుల బోటుకు అదే 5 లక్షలు వేరు మాట చెబుతాయి. ఒకరికోసం చేసిన కొలతను మరొకరు తమకు అన్వయించుకొన్నప్పుడు అంకె సత్యమై ఉండి కూడా ప్రాణాంతకమవుతుంది. కుట్టుపనివాడు ఒకరి కొలతలకు కుట్టిన చొక్కా మరొకరికి బిగుతైతే నష్టం గుడ్డవరకే. నదిమీద ఆ వెసులుబాటు లేదు. ఆ దుర్ఘటన తరువాత ప్రభుత్వం బోట్ల రాకపోకలను కనిపెట్టటానికి నదుల వెంట 9 నియంత్రణ గదులు ఏర్పాటుచేయ సంకల్పించింది. రేవుకు రేవే తన కొలత తాను కలిగి ఉండాలన్న ఆలోచన అప్పటికిగాని రాలేదు. 51 మంది మూల్యంగా వచ్చిన ఆలోచన అది.

తెలియక పోయేవారి సంగతి సరే. తెలిసినవారు ఎందుకు పోతారు? 2012 ఫిబ్రవరి 19న అమెరికాలో, సియాటిల్ నగరానికి తూర్పున ఉన్న స్టీవెన్స్ పాస్ కొండలలో జరిగిన ప్రమాదం దీనికి సమాధానం చెప్పింది. ఆ నగరంలో నేడు తెలుగువారి కుటుంబాలు వేలుగా ఉన్నవి, వారి పిల్లలు స్కీ నేర్చుకొనే కొండలలో అది ఒకటి. రెండు మూడు దినాల తుపానులో 32 అంగుళాల మంచు పడి తెరిపి ఇచ్చిన ఆదివారం అది. 16 మంది కలిసి టన్నెల్ క్రీక్ అనే లోయలోకి దిగారు. వారు పసివారు కారు. ఆ విద్యలో పేరు గడించినవారు, దానిమీద పత్రికలలో వ్రాసేవారు, ఆ కొండను అరచేతిలా ఎరిగినవారు. పరికరాలున్నవి, ఉదయపు హెచ్చరిక చదివి ఉన్నారు. మంచుచరియ విరిగి ముగ్గురు మరణించారు. తరువాత బ్రతికినవారిని విచారించిన పత్రికలవారికి తెలిసినదేమంటే, వారిలో ఒకరిద్దరికి కాదు, ఎందరికో బయలుదేరే వేళనే మనస్సులో శంక కలిగింది. ఇంతమంది పెద్దలున్నారు గదా, వారికి తెలియనిదా అని ఎవరికి వారు ఊరకున్నారు. పదహారుమంది సందేహాలూ పదహారు జేబులలో భద్రంగా ఉండిపోయినవి.

ఈ ఊరకుండటాన్ని శాస్త్రంగా పరిశీలించినవాడు ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికా పరిశోధకుడు. 1972 నుంచి 2003 వరకు ఆ దేశంలో జరిగిన 715 ప్రమాదాలను ఆయన విడదీసి చూచాడు. మంచు ఎలా విరిగిందని కాక, మనిషి ఎలా విరిగిపోయాడని చూచాడనవచ్చు. ఎరిగిన వాలు కదా అని పోయినవారు, ఇంతదూరం వచ్చి వెనుదిరగటమా అని పోయినవారు, ముందువారి జాడలు ఉన్నవి గదా అని పోయినవారు, జట్టులో ఒకరిని గురువుగా ఎంచి కళ్ళుమూసుకొని వెంట నడిచినవారు, నలుగురిలో పిరికి అనిపించుకోలేక పోయినవారు, మరొక జట్టు మునుపే తొక్కివేస్తుందేమో అన్న తొందరలో పోయినవారు ఆయనకు కనుపించారు. అన్నిటికంటె ముల్లులా గ్రుచ్చుకొనే సంగతి ఒకటున్నది. మంచుచరియల విషయంలో శిక్షణ పొందినవారు కూడా, తమకు బాగా అలవాటైన చోట, శిక్షణ ఏమీ లేనివారితో సమానమైన ప్రమాదంలోకే నడిచారు. చదువు పరాయిచోట పనిచేసింది, సొంత పెరడులో పనిచేయలేదు. పాఠం చెప్పే వృత్తిలో ఉన్నవారికి ఇది కొంచెం నొప్పి కలిగించే మాటే.

మెక్‌కామన్ చెప్పిన ఉచ్చులు మనకు కొత్తవి కావు, పేర్లే కొత్తవి. రోజూ పోయే దారేగా! కాకినాడనుంచి ఇంతదూరం వచ్చి రేవులో చూచి పోవటమా! ఇప్పుడే ఆర్టీసీ బస్సు పోయింది, మన ఆటో పోదా! సరంగుకు తెలియనిదా! ఈ ఆశ్చర్యార్థకాలన్నీ మన రేవులలో, మన కల్వర్టుల దగ్గర వరద రోజులలో వినిపించేవే. మనకు మరొక ఉచ్చు అదనంగా ఉన్నది. అది మర్యాద. పెద్దవారు అడుగు ముందుకు వేసిన తరువాత చిన్నవాడు వద్దనటం మన ఇళ్ళలో అపశకునం, అవిధేయత. ప్రయాణానికి ముందు ఎక్కడికి అని అడగటమే దోషమనుకొన్న జాతి మనది. ఆ మర్యాదలో అందం లేకపోలేదు. దానికి చోటు పెళ్ళి పందిరి, భోజనాల వరుస. పొంగిన వాగు ఒడ్డు కాదు.

మంచుకొండల జట్లు ఇటీవలి కాలంలో దీనికి కనిపెట్టిన ఉపాయం చూడటానికి చాలా చిన్నది. నిర్ణయాన్ని కొండమీద చేయరు, ముందునాటి రాత్రి వంటయింటి బల్ల దగ్గర చేస్తారు. పటం పరచి, హెచ్చరిక చదివి, రేపు ఏ వాలుమీదికి పోరాదో ముందు నిశ్చయిస్తారు. ఎక్కడికి పోవాలన్నది తరువాత. మూడవ అంకె అయితే 30 డిగ్రీల లోపు వాలులతోనే తృప్తిపడతారు. కొండమీద తిరిగి ఆలోచించవచ్చుగాని, వద్దనుకొన్న చోటిని సరే అనుకోవటానికి మాత్రం వీలులేదు. కాలుక్రింద మంచు గుభిల్లుమన్నా, పైపొరలో బీట పాకినా మరుమాట లేకుండా వెనుదిరుగుతారు. అనుమానపు వాలును ఒకరి తరువాత ఒకరు దాటుతారు, మిగిలినవారు నిలిచి చూస్తారు. వీటన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. జట్టులో అందరికంటె చిన్నవాడు, నిన్నగాక మొన్న నేర్చినవాడు వద్దంటే జట్టంతా ఆగుతుంది. కారణం చెప్పమని అడగరు, భయమా అని నవ్వరు. పదిమంది అనుభవానికి కనుపించనిది ఒకని భయానికి కనుపించవచ్చునన్నది వారు శవాలు తవ్వి తెలుసుకొన్న సత్యం.

ఇలా అయితే ఎవరూ ఎక్కడికీ పోనక్కరలేదా అని అడిగేవారుంటారు. అడగవలసిన మాటే. కచ్చులూరు దగ్గర ఆ మధ్యాహ్నం పడవలు నీళ్ళలోకి తోసినవారు కూడా ఆ నదిమీదికే పోయారు, అదే 5 లక్షల క్యూసెక్కుల నీటిమీదికి. వారు వేసుకుపోయినవి తమ చిన్న పడవలు, పోయినది ఏ సుడి ఎక్కడ లేస్తుందో పుట్టినప్పటినుంచి చూచిన చోటికి. సాహసానికీ తెగింపుకూ నడుమనున్న గీత ధైర్యంలో లేదు, కొలతలో ఉన్నది.

తిరిగి నిడదవోలుకే రావాలి. వానాకాలంలో బడులకు సెలవు ప్రకటించే పద్ధతిలో ఒక చిత్రం ఉన్నది. వాయుగుండం పట్టి, ఆకాశం నల్లబడి, కుంభవృష్టి కురిసేనాడు సెలవు ఇస్తారు. ఆనాడు పిల్లలు ఇండ్లలో క్షేమంగానే ఉంటారు. వాన వెలిసి, ఎండ కాచి, ఎర్రకాలువ నీరు చేలుదాటి దారుల మీదికి ఎక్కేనాడు బడి తెరుస్తారు. చుట్టుపట్ల పల్లెలనుంచి పిల్లలు సైకిళ్ళమీద, ఆటోలలో, బడి బస్సులలో ఆ దారులనే వస్తారు. అర అడుగు లోతు నీరైనా వడిగా పారితే నిలుచున్న పెద్దమనిషిని కూలదోయగలదు. ఒక అడుగు నీరు చిన్నకారును నెట్టగలదు. రెండు అడుగులు చాలా వాహనాలను తేల్చివేస్తుంది. పైగా బురదనీటిలో దారి ఉన్నదో, కోసుకుపోయిందో కంటికి తెలియదు. పాఠ్యపుస్తకంలో ఆర్కిమిడీసు సూత్రం చదివిన పిల్లలే ఆటోలో కూర్చొని ఉంటారు. దానిని ఆటోకు అన్వయించి చూడుమని వారిని ఎవరూ అడిగి ఉండరు.

కాబట్టి ఆ ఉదయం నిర్ణయం చేయవలసినది కలెక్టరు కాదు, ధవళేశ్వరం అధికారి కాదు. కల్వర్టు ముందు బండి ఆపిన ఆటోవాడు, ప్రక్కన కూర్చొన్న ఉపాధ్యాయుడు, వెనుక సంచులు ఒడిలో పెట్టుకొన్న ఏడుగురు పిల్లలు. అవతలి ఒడ్డున ఒక మోటారు సైకిలు ఇప్పుడే దాటి పోయి ఉంటుంది. గంట కొట్టే వేళ దగ్గరపడుతూ ఉంటుంది. వెనుకనుంచి మూడవ తరగతి పిల్ల ఒకతె, మొన్న ఈ రాతిమీద ఒకటో నెంబరు కనిపించిందండీ అంటుంది. ఉపాధ్యాయుడు కళ్ళజోడు సవరించుకొని చూస్తాడు. కల్వర్టు రాతిమీద తెల్లరంగుతో వేసిన అడుగుల గుర్తులలో మొదటిది నీళ్ళక్రిందికి పోయింది. రెండవదానిమీద ఎండ చక్కగా కాస్తున్నది.